ఆరువేల మార్కుల కంప్యూటరు, ఆఖరు స్థానం మార్తమ్మగారు

రెండువేల మూడో సంవత్సరం, జూన్ నెల. కాలవలకి నీళ్ళు వదిలిన కొత్త. తణుకులో నా కంప్యూటర్ల షాపుకి అప్పటికి నాలుగో ఏడు నడుస్తోంది. షాపంటే పెద్దగా ఊహించుకోవద్దు. ఒక మేడమెట్ల కింద గది, గదిలో ఒక బల్ల, బల్లకి ఒకవైపు నేను. విడిభాగాలు విజయవాడ నుంచి తెచ్చుకుని, జోడించి, కంప్యూటరు తయారుచేసి ఇవ్వడం నా పని. దీన్ని అసెంబ్లింగ్ అంటారు. నేను ఫిజిక్సులో ఎమ్మెస్సీ చేశాను. ఆ చదువు ఈ పనికి ఎలా పనికొచ్చిందని చాలామంది అడిగారు. షాకు కొట్టినప్పుడల్లా ఎందుకు కొట్టిందో నాకు వెంటనే అర్థమయ్యేది.

ఆ రోజుల్లో కంప్యూటరు కొనడానికి ఎవరూ ఒక్కరే వచ్చేవారు కాదు. స్థలం కొన్నా, గేదెను కొన్నా తెలిసిన మనిషిని వెంటబెట్టుకుని వెళ్ళడం మా వైపు అలవాటు. కంప్యూటరుకీ అదే పద్ధతి పాటించారు. ఆ తెలిసిన మనిషికి దాని గురించి తెలిసింది తక్కువ, బాధ్యత ఎక్కువ. కొబ్బరికాయ ఎంచుతున్నట్టు క్యాబినెట్టును వేలితో తట్టి, కాసేపు ఆలోచించి, "బానే ఉన్నట్టుంది. కానీ బాగుందని మనకెలా తెలుస్తుందండి?" అనేవాడు. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబుగా నేను బెంచ్‌మార్క్ నడిపేవాణ్ణి.

బెంచ్‌మార్క్ అంటే కంప్యూటరుకి పెట్టే పరీక్ష. నేను నడిపేది గ్రాఫిక్స్ కార్డుకి, అంటే తెరమీద బొమ్మలు గీసే భాగానికి పెట్టేది. ముందే తయారుచేసి ఉంచిన నాలుగైదు దృశ్యాలను ఆ ప్రోగ్రాం ఒకదాని తర్వాత ఒకటి ఆడిస్తుంది. ఆకాశంలో ఒక యుద్ధం, ఒక అడవి, ఒక కోట. సెకనుకి ఎన్ని బొమ్మలు గీయగలిగిందో లెక్కకట్టి చివర్లో ఒక అంకె చూపిస్తుంది. ఆ బొమ్మలనే ఫ్రేములంటారు. అది నడిచినంతసేపూ కొనేవాళ్ళు, వాళ్ళ తెలిసిన మనిషి, పక్క టైలరు షాపాయన చేతులు కట్టుకుని నిలబడి చూసేవారు. అంకె పడగానే నేను దాన్ని ప్రింటు తీసి క్యాబినెట్టుకి అతికించేవాణ్ణి. ఇంటికెళ్ళి పూజ చేసేటప్పుడు కొందరు ఆ కాగితానికే బొట్టు పెట్టారని విన్నాను.

ఒకసారి ఒక తండ్రిగారు అంకె చూసి, "ఎన్నింటికండీ ఈ ఐదువేలు?" అని అడిగారు.

"దీనికి గరిష్ఠం అంటూ లేదండి," అన్నాను.

ఆయన కంగారుగా చుట్టూ చూసి, "ఈ సంగతి మావాడి కాలేజీలో తెలియనివ్వకండి," అన్నారు.

జనం అంకెను కొంటున్నారు గనక నేనూ అంకె కోసమే కట్టడం మొదలుపెట్టాను. ఏ భాగం మారిస్తే అంకె పెరుగుతుందో దానికి బడ్జెట్ ఎక్కువ, ఏ భాగం తగ్గించినా అంకె కదలదో దానికి తక్కువ. ఇందులో తప్పుందని నాకు తోచలేదు. మా చుట్టుపక్కల కాలేజీలు పిల్లల్ని తయారుచేసే పద్ధతీ ఇంచుమించు ఇదే, వాటికి మంచి పేరే ఉంది.

సరిగ్గా ఆ సమయంలో సుబ్బరాజుగారు వచ్చారు. ఆయన ఒంటరిగా వచ్చిన మొదటి కస్టమరు. అంతకుముందు ఆయన రొయ్యల చెరువులు చేసి, మచ్చల తెగులుకి రొయ్యలు పోతే చెరువులు వదిలేసి, డ్రైవింగ్ స్కూలు పెట్టుకున్నారు. "రొయ్యలు నీళ్ళలో ములిగాయండి, నేను గట్టుమీద ములిగాను," అని తన గురించి తానే చెప్పుకునేవారు.

"మూర్తిగారూ, కారు గేము ఆడే కంప్యూటరు కావాలండి. స్టీరింగుతో సహా," అన్నారు.

"పిల్లలకాండి?"

"కాదండి. పెద్దవాళ్ళకి. కాలవంటే భయపడేవాళ్ళకి."

మా వైపు రోడ్లు ఎరగనివారికి ఇక్కడొక మాట చెప్పాలి. డెల్టాలో చాలాచోట్ల కాలవగట్టే రోడ్డు. ఒకపక్క నిండుగా కాలవ, ఇంకోపక్క పల్లంలో చేలు, మధ్యలో ఒక బస్సు పట్టేంత జాగా. ఎదురుగా రెండో బస్సు వస్తే రెండూ ఎలా తప్పుకుంటాయో ఫిజిక్సు ఎమ్మెస్సీలో చెప్పలేదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి కళ్ళు కాలవమీదే ఉంటాయి. సుబ్బరాజుగారి మాటల్లో, "కళ్ళెటు పోతే చేతులటే పోతాయండి. కాలవకేసి చూశారంటే బండి కాలవలోకే."

ఆయన దగ్గరకి అలాంటి మనిషొకరు వచ్చారు. పేరు మార్తమ్మగారు. యాభైకి దగ్గర్లో ఉన్న నర్సు. చర్చివాళ్ళు నడిపే ఒక చిన్న ఆసుపత్రిలో పని. ప్రతి బుధవారం ఆసుపత్రి వ్యానులో కాలవగట్టు ఊళ్ళకి వెళ్ళి గర్భిణులను చూసి, పిల్లలకి టీకాలు వేసి, పెద్దవాళ్ళకి బీపీ చూసి రావడం ఇరవయ్యేళ్ళుగా ఆవిడ అలవాటు. వ్యాను డ్రైవరుకి కంటిచూపు పోయింది. ఇంకొకరిని పెట్టుకునే స్తోమత ఆసుపత్రికి లేదు. ఆగస్టు నెలాఖరులోగా వ్యాను నడిపే మనిషి దొరక్కపోతే వ్యాను అమ్మేసి, ఊళ్ళకి వెళ్ళడం మానేద్దామని కమిటీ తీర్మానించింది. "నేనే నడుపుతాను," అని మార్తమ్మగారు లేచి నిలబడి చెప్పేశారట. చెప్పి కూర్చున్నాక గుర్తొచ్చిందట, మూడేళ్ళ కిందట తాను మోపెడ్‌తో సహా కాలవలో పడ్డానని. ఆ రోజు ఎవరో బయటికి లాగారు. అప్పట్నుంచి కాలవపక్కకి వస్తే చేతులు బిగుసుకుపోతాయి. సుబ్బరాజుగారు, నేర్పేవాళ్ళ కాళ్ళకిందా బ్రేకుండే రెండు కంట్రోళ్ళ కారులో మూడు రోజులు ప్రయత్నించారు. మూడు రోజులూ కారు చేలవైపు దిగింది.

"నీళ్ళపక్కన రోడ్డుండే గేము ఒకటుందటండి. దానిమీద చెయ్యి అలవాటైతే, బయట ధైర్యం వస్తదని నా ఆశ," అన్నారు సుబ్బరాజుగారు. "మంచి కంప్యూటరు కట్టండి. ఆవిడ తప్పు చేస్తే ఆవిడ తప్పే అయ్యుండాలి, బండి తప్పు అవకూడదు."

ఆ చివరి మాట నేను శ్రద్ధగా వినలేదు.

ఆయన ఇచ్చిన బడ్జెట్‌లో రెండు దారులున్నాయి. ఒకటి, మామూలు గ్రాఫిక్స్ కార్డు వేసి, 256 ఎంబీ ర్యామ్ పెట్టడం. ర్యామ్ అంటే కంప్యూటరుకి చేతికందే బల్లలాంటిది, పని చేసేటప్పుడు కావలసినవన్నీ దానిమీద పరుచుకుంటుంది. రెండోది, ర్యామ్‌ని 128కి తగ్గించి, మిగిలిన దాంతో ఒక మెట్టు పైకార్డు వేయడం. మొదటి పద్ధతిలో అంకె నాలుగువేల చిల్లర. రెండోదాంట్లో ఆరువేల రెండొందలు. నేను పెద్దగా ఆలోచించలేదు. ఆరువేల రెండొందల కాగితం అతికించి, ఆటోలో ఎక్కించుకుని, సుబ్బరాజుగారి ఆఫీసులో దింపాను. ఆ ఆఫీసు అంతకుముందు రొయ్యల మేత నిలవచేసే గది. మేత పోయినా వాసన మాత్రం ఉద్యోగం వదల్లేదు.

నాలుగు రోజుల తర్వాత ఫోను.

"మూర్తిగారూ, రోడ్డు ఆగిపోతోందండి."

"బండి కదండీ ఆగేది?"

"కాదండి. బండి వెళ్ళిపోతోంది. రోడ్డే ఆగుతోంది."

వెళ్ళాను. మార్తమ్మగారిని చూడటం అదే మొదటిసారి. తెల్లచీర, చేతికి వాచీ, స్టీరింగు ముందు పరీక్షకి కూర్చున్నంత నిటారుగా కూర్చున్నారు. గేములో రోడ్డు ఒక పెద్ద చెరువు చుట్టూ తిరుగుతుంది. సుబ్బరాజుగారు దానికి కాలవగట్టు అని పేరు పెట్టుకున్నారు. ఆవిడ నిదానంగా బయల్దేరారు. తిన్నగా ఉన్నంతమేర బాగానే వెళ్ళారు. మలుపు వచ్చింది. స్టీరింగు తిప్పారు. తెర ఒక్క క్షణం బిగుసుకుంది. ఆవిడ ఇంకొంచెం తిప్పారు. తెరకి మెలకువ వచ్చి రెండు తిప్పుళ్ళూ కలిపి ఒక్కసారే అమలుచేసింది. బండి చెరువులో పడింది.

"పొద్దుటినుంచి ఇది పదకొండోసారి," అన్నారు సుబ్బరాజుగారు. "అమ్మా, అడుగుతున్నానని ఏమీ అనుకోకండి. మీరు బాప్టిస్టులాండి? ఇన్నిసార్లు ములుగుతున్నారు."

"లూథరన్లమండి," అన్నారు ఆవిడ తెరమీంచి చూపు తిప్పకుండా. "మాకు బాప్తిస్మానికి నీళ్ళు చిలకరిస్తే చాలు."

నాకు ఆవిడంటే గౌరవం కలిగింది. కంప్యూటరు మీద అనుమానం మాత్రం కలగలేదు.

"నేను తిప్పాక అది కాసేపు ఆలోచిస్తోందండి," అన్నారావిడ నాతో.

"అలా జరగదమ్మా. ఇది ఆరువేల రెండొందలు," అన్నాను కాగితం చూపించి.

"ఎవరి చేతిలోనండి?"

నేను అలవాటైన పనే చేశాను. మళ్ళీ బెంచ్‌మార్క్ నడిపాను. ఆకాశంలో యుద్ధం వెన్నలా నడిచింది. అడవి అద్భుతంగా నడిచింది. చివర్లో ఆరువేల రెండొందల పది. ఇంకో పది పెరిగింది కూడా. విజయగర్వంతో సుబ్బరాజుగారి వైపు చూశాను.

ఆయన గడ్డం గోక్కుని, "నా చెరువు నీళ్ళు ల్యాబులో ఇస్తే, నీళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయని రిపోర్టు రాసిచ్చారండి," అన్నారు. "రొయ్యలే ఆ రిపోర్టు చదవలేదు."

నేను నవ్వాను. నవ్వి, అందులో ఉన్న విషయాన్ని అక్కడే వదిలేసి షాపుకి వచ్చేశాను. కార్డు ఇంకొంచెం బలంగా ఉంటే సరిపోతుందనుకున్నాను. ఆ వారమే విజయవాడ వెళ్ళి మరో మెట్టు పైకార్డు తెచ్చి, నా పెట్టుబడితోనే బిగించాను. అంకె ఎనిమిదివేలు దాటింది. అప్పటిదాకా తణుకులో అంత అంకె నేను చూడలేదు. టైలరుగారిని పిలిచి చూపించాలనిపించింది. ఇంతలో మార్తమ్మగారు స్టీరింగు పట్టుకున్నారు. మలుపు వచ్చింది. తెర బిగుసుకుంది. బండి చెరువులో పడింది. కొత్త కార్డు వల్ల నీళ్ళ తుంపరలు మాత్రం ఎంతో సహజంగా లేచాయి.

ఈసారి ఎవరూ జోకు వేయలేదు. మార్తమ్మగారు స్టీరింగు మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"రాజుగారూ, ఇక వద్దండి," అన్నారు. "జూలై వచ్చేసింది. మూర్తిగారు కార్డు కూడా మార్చారు. యంత్రానికి అన్ని వేలు వచ్చాయంటే, తప్పు నా చేతుల్లోనే ఉందండి. కాలవలో పడ్డప్పటి భయం పోలేదు. కమిటీవాళ్ళకి నేనే చెప్పుకుంటాను, వ్యాను అమ్మేసుకోమని."

ఇన్నేళ్ళ వృత్తిలో నన్ను తిట్టినవాళ్ళు ఉన్నారు. ఒకాయన మానిటరు తెచ్చి బల్లమీద ఎత్తిపడేశాడు. అవేవీ నాకు ఇంత గుచ్చుకోలేదు. నేను అతికించిన కాగితం చూసి ఒక మనిషి తన చేతుల్ని తాను నమ్మడం మానేసింది. ఇరవయ్యేళ్ళుగా పసిపిల్లలకి సూదివేసిన చేతులవి.

"అమ్మా, ఒక్కసారి ఆడండి. మీ ఆట కాదు, నేను చూసే తీరే బాగాలేదేమో," అన్నాను. నిజానికి ఏం చూడాలో నాకు తెలియదు.

"చూడటానికేముందండి. మలుపు దగ్గర ఆ ఎర్రలైటు వెలుగుతుంది, నేను పడిపోతాను."

"ఏ ఎర్రలైటు?"

"కింద పెట్టెకి ఉంది కదండీ. మలుపు వస్తోందంటే నాకు చెరువుకేసి చూడబుద్ధి కాదు, కిందకి చూస్తాను. ప్రతిసారీ ఆ లైటు వెలుగుతుంది. తిన్నగా ఉన్న రోడ్డులో వెలగదు. అది నన్ను తప్పు చేశానని హెచ్చరిస్తోందనుకున్నాను."

క్యాబినెట్టు ముందు రెండు లైట్లుంటాయి. పచ్చది, కంప్యూటరు పనిచేస్తోందనడానికి. ఎర్రది, హార్డ్‌డిస్క్‌లోంచి ఏదో తీస్తోందనడానికి. హార్డ్‌డిస్క్ అంటే సామానంతా దాచుకునే కొట్టుగది. నెమ్మదైనది. నాలుగేళ్ళుగా వందల కంప్యూటర్లు కట్టిన నేను తెర చూశాను, అంకె చూశాను. ఆ లైటు చూడలేదు. ఆవిడ భయంతో కళ్ళు దించుకుని చూశారు.

ఒక్క నిమిషంలో అంతా తెలిసిపోయింది. బెంచ్‌మార్క్ ప్రతి దృశ్యానికీ ముందు కాసేపు ఆగి, కావలసిన సామానంతా కొట్టుగదిలోంచి తెచ్చి బల్లమీద సర్దుకుని, అప్పుడు మొదలుపెడుతుంది. ఆ సర్దుకునే సమయాన్ని లెక్కలో కలపదు. దృశ్యాలు చిన్నవి, చిన్న బల్లయినా సరిపోతుంది. గేము అలా కాదు. మనిషి ఎటు తిప్పుతాడో దానికి తెలియదు. మలుపు తిరిగాక కనిపించబోయే చెట్లూ ఇళ్ళూ అప్పటికప్పుడు తెచ్చుకోవాలి. బల్లమీద చోటు లేక, ప్రతి మలుపులోనూ కొట్టుగదికి పరిగెడుతోంది. వచ్చేదాకా తెర బిగుసుకుంటోంది. బల్ల చిన్నది చేసింది నేనే. బల్ల తగ్గిస్తే అంకె తగ్గదు గనక.

అన్నిటికన్నా పెద్ద సంగతి ఇంకోటుంది. బెంచ్‌మార్క్ నడిచేటప్పుడు స్టీరింగు ఎవరి చేతిలోనూ ఉండదు. అందరూ చేతులు కట్టుకుని చూస్తారు.

ఇదంతా వాళ్ళిద్దరికీ చెప్పాను. ర్యామ్ ఎందుకు తగ్గించానో కూడా చెప్పాను. చెప్పకుండా మార్చేయొచ్చు, వాళ్ళకి తెలిసేది కాదు. కానీ ఆవిడ తన చేతుల వంక అలా చూసుకున్నాక దాచడానికి మనసొప్పలేదు.

"అంటే మార్కులకోసం బట్టీ పట్టించారన్నమాట," అన్నారు సుబ్బరాజుగారు.

"అవునండి."

మార్తమ్మగారు మాత్రం తన కుడిచెయ్యి తిప్పి చూసుకుని, "అయితే ఇది బానే ఉందాండి?" అని అడిగారు.

"మీ చెయ్యి మొదటినుంచీ బానే ఉందండి. మీరు సరిగ్గానే తిప్పారు. అదే ఆలస్యంగా విన్నది."

ఆవిడకి కోపం వస్తుందనుకున్నాను. వస్తే బాగుండునని కూడా అనుకున్నాను. "పోన్లెండి. కారణం దొరికింది. మా పనిలో సగం అదే," అన్నారు.

ఆ సాయంత్రమే పైకార్డు తీసేసి, మొదట వద్దనుకున్న మామూలు కార్డు వేసి, ర్యామ్ 256 చేశాను. అంకె ఎంతో చూడలేదు. ఆవిడ కూర్చున్నారు. మలుపులో తిప్పారు, రోడ్డు తిరిగింది. తుంపరలు అంత అందంగా లేవు, చూడాల్సిన అవసరమూ రాలేదు. మూడోరోజుకి చెరువు చుట్టూ పూర్తిగా ఒక చుట్టు తిరిగొచ్చారు. వచ్చి, చేతిగుడ్డతో స్టీరింగు తుడిచి పెట్టారు.

ఇక్కడితో కథ అయిపోవాలి. కానీ గేము కూడా మార్కులు వేస్తుందన్న సంగతి మేము మరిచిపోయాం.

మార్తమ్మగారు ప్రతిసారీ ఆఖరున వచ్చేవారు. పందెంలో ఎనిమిది బళ్ళు, ఆవిడది ఎనిమిదో స్థానం. పది రోజులైనా ఎనిమిదే. మిగతా ఏడూ అయిపోయి చాలాసేపటికి ఆవిడ మలుపు తిరుగుతూ కనిపించేవారు. సుబ్బరాజుగారికి ఇది కొంచెం ఇబ్బంది అయింది. ఎందుకంటే కమిటీ పెద్ద అయిన రిటైర్డ్ హెడ్మాస్టారుగారిని వచ్చి చూసుకోమని ఆయన అప్పటికే పిలిచేశారు.

హెడ్మాస్టారుగారు వచ్చారు. కళ్ళజోడు సవరించుకుని పూర్తిగా ఒక చుట్టు చూశారు. చివర్లో తెరమీద ఎనిమిదో స్థానం అని పడింది.

"ఆఖరు వచ్చావేంటమ్మా?" అన్నారు. నలభయ్యేళ్ళు ర్యాంకులు చదివిన గొంతు అది.

"అవునండి. ఏడుగురూ ముందు వెళ్ళారు. వెళ్ళనిచ్చాను," అన్నారు మార్తమ్మగారు. "వాళ్ళలో ఇద్దరు నన్ను గుద్దారు. నేను ఎవర్నీ గుద్దలేదండి. చెరువులో పడలేదు. మొదటొచ్చిన బండి చూడండి, అద్దాలు లేవు."

హెడ్మాస్టారుగారు తెరకేసి మళ్ళీ చూశారు. మొదటొచ్చిన బండికి నిజంగానే అద్దాలు లేవు, ఒక తలుపు కూడా లేదు.

"రాజుగారూ, ఈ పరీక్ష పేపరు ఎవరు తయారుచేశారండి?" అని అడిగారాయన.

"మనవాళ్ళు కాదండి," అన్నారు సుబ్బరాజుగారు.

"మరైతే ఆ మార్కులతో మనకి పనిలేదు. రోడ్డుమీద చూపించండి," అని లేచారు.

నేను ఓ మూల నిలబడి ఉన్నాను. బెంచ్‌మార్క్ గేముకి చాలదని రెండువారాల కిందట తెలుసుకున్న నాకు, గేము కూడా రోడ్డుకి బెంచ్‌మార్కేనని ఆ హెడ్మాస్టారుగారు రెండు వాక్యాల్లో చెప్పేశారు. ఆయనకి కంప్యూటరు ఆన్ చేయడం రాదు.

ఆ తర్వాత ఆవిడ రెండు కంట్రోళ్ళ కారులో మూడువారాలు నేర్చుకున్నారు. చేలవైపు దిగలేదు. లైసెన్సు వచ్చింది. ఆగస్టు ఆఖరి బుధవారం వ్యాను మళ్ళీ బయల్దేరింది. "మీరూ రావాలండి. మీ కంప్యూటరుకి అసలు రిజల్టు ఇవాళే," అని సుబ్బరాజుగారు నన్ను వెనకసీట్లో మందుల పెట్టెల మధ్య కూర్చోబెట్టారు. ఆయన ఆవిడ పక్కన కూర్చున్నారు.

కాలవ అంచుదాకా నిండి ఉంది. గట్టెక్కగానే మార్తమ్మగారి పెదవులు కదలడం అద్దంలో కనిపించింది.

"అమ్మా, ప్రార్థనాండి? కళ్ళు మాత్రం మూసుకోకండి," అన్నారు సుబ్బరాజుగారు.

"మాకు కళ్ళు తెరిచినా చెల్లుతుందండి. మీరు మాట్లాడకండి."

కొంతదూరం వెళ్ళాక నారు కట్టలు వేసుకున్న ట్రాక్టరు అడ్డమొచ్చింది. ఇనప చక్రాలతో, మనిషి నడకకన్నా కాస్త నయమైన వేగంతో వెళ్తోంది. ఆవిడ దాని వెనకే వెళ్ళారు. హారను కొట్టలేదు. వెనక మోటారుసైకిళ్ళు రెండు విసుక్కుని దాటుకుపోయాయి. వెళ్ళనిచ్చారు. తర్వాత ఎదురుగా బస్సొచ్చింది. నా ప్రాణం మందుల పెట్టెలో దూరింది. ఆవిడ బస్సును దూరంనుంచే చూసి, కాస్త వెడల్పున్నచోట చేలవైపుకి ఒరిగి ఆగిపోయి, బస్సు పూర్తిగా వెళ్ళేదాకా కదల్లేదు. బస్సు డ్రైవరు చెయ్యెత్తాడు. ఆవిడా ఎత్తారు, ఒక్క వేలు. మిగతావి స్టీరింగుకే ఉన్నాయి. కాలవకేసి ఒక్కసారి కూడా చూడలేదు. చూపంతా రోడ్డు చివర ఉంది.

ఊరు చేరేసరికి అనుకున్నదానికన్నా నలభై నిమిషాలు ఆలస్యం. పాలకేంద్రం అరుగుమీద పదిహేనుమంది ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. చంకల్లో పిల్లలు, చేతుల్లో టీకా కార్డులు. వ్యాను ఆగగానే నిండునెలల అమ్మాయి ఒకతె అరుగు పట్టుకుని లేచింది.

"వచ్చారా నర్సమ్మగారూ! ఇంక రారేమోనని మా అత్త రోజూ అంటంది," అంది. తర్వాత డ్రైవరు సీటు చూసి, "అయ్యబాబోయ్, మీరే తోలుకొచ్చారా?" అంది.

"నేనే. నెమ్మదిగా తెచ్చాన్లే. కూర్చో, బీపీ చూస్తాను," అన్నారు మార్తమ్మగారు.

ఎంతసేపట్లో వచ్చారని అక్కడెవరూ అడగలేదు. వచ్చారు. అది చాలింది.

ఆ తర్వాత నేను బెంచ్‌మార్క్ మానేశానని రాస్తే వినడానికి బాగుంటుంది. మానలేదు. రెండు కార్డుల్లో ఏది బలమైనదో చెప్పడానికి, కొత్తగా తెచ్చిన కార్డు లోపల చెడిపోయి ఉంటే పట్టుకోవడానికి దానికి సాటి లేదు. దాని పని అది నిజాయితీగానే చేస్తుంది. దానికి లేని పని అప్పజెప్పింది నేను. కాగితం అతికించడం మాత్రం మానేశాను. దానికి బదులు కస్టమరుని అడగడం మొదలుపెట్టాను, "దీంతో ఏం చేస్తారండీ?" అని. పైసా ఖర్చులేని ప్రశ్న. నాలుగేళ్ళలో ఒక్కరినీ అడగలేదు. వాళ్ళు ఏ గేము ఆడతారో అదే వేసి, వాళ్ళనే కూర్చోబెట్టి, అరగంట ఆడమంటాను. తెలిసిన మనిషిని పక్కన నిలబెట్టి చూడమంటాను. వాళ్ళు తెరకేసి చూస్తారు. నేను ఆడేవాళ్ళ చేతులకేసి చూస్తాను.

ఈ పద్ధతి నాకు నేర్పిన మార్తమ్మగారు దానికి ఏమీ పుచ్చుకోలేదు. నేర్పానని ఆవిడకి తెలియదు కూడా. అందుకే కృతజ్ఞత చెల్లించే దారి ఒకటి నేనే పెట్టుకున్నాను. నా బల్లముందు కూర్చున్న మనిషి చెయ్యి తడబడి, "నాకు సరిగ్గా రావట్లేదండి," అని సిగ్గుపడితే, స్క్రూడ్రైవరు తీయకముందే ఒక మాట అంటాను.

"ఉండండి. తప్పు మీది కాకపోవచ్చు."